వరసగా ఓడిపోతున్న కాలేజ్ అమెరికన్ ఫుట్‌బాల్ టీమ్: జనం మళ్లీ రావాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

ఎండ్‌జోన్_ఎదురుగా అడిగారు:

అందరికీ నమస్కారం. మిడ్‌వెస్ట్‌లో ఒక ప్రభుత్వ యూనివర్సిటీ, ఎఫ్‌బీఎస్‌లో (కాలేజ్ ఫుట్‌బాల్ పై స్థాయి) చిన్న కాన్ఫరెన్స్ (తమలో తాము ఆడుకునే జట్ల గుంపు). స్టేడియంలో 30,000 సీట్లు. ప్రకటించే హాజరు ఎంతైనా గేటు దగ్గర స్కాన్ అయ్యేది 12,000 దాటడం లేదు. నాలుగు సీజన్లుగా మూడు గెలుపులకు మించలేదు. స్టూడెంట్లు పార్కింగ్ లాట్లలో టెయిల్‌గేట్ (ఆటకి ముందు కార్ల దగ్గర పెట్టుకునే పార్టీ) దగ్గర కిటకిటలాడుతూ ఉంటారు కానీ లోపలికి రారు. వచ్చినవాళ్లు హాఫ్‌టైమ్‌కి లేచిపోతారు.

స్టూడెంట్ గవర్నమెంటూ పూర్వ విద్యార్థులూ కలిసి అథ్లెటిక్ డైరెక్టర్‌కి ఒక నోట్ ఇవ్వాలి. కమిటీలో సగం మంది "గెలిస్తే వాళ్లే వస్తారు, ఇంకేమీ అక్కర్లేదు" అంటున్నారు. మిగతా సగం పెద్ద వీడియో బోర్డు కావాలంటున్నారు. ఈ రెండూ కాకుండా ఆచరణలో పనికొచ్చేవి చెప్పండి. గేటు, తిండి, స్టూడెంట్ సెక్షన్, కోచ్, షెడ్యూల్, ఏదైనా సరే.

---

గేటు_నంబర్_5:

వీడియో బోర్డు సంగతి తర్వాత, ముందు గేటు లెక్క చూడండి.

12,000 మందిలో 70 శాతం కిక్‌ఆఫ్‌కి (ఆట మొదలు) ముందు 45 నిమిషాల్లోనే వస్తారనుకోండి. అంటే 8,400 మంది. బ్యాగ్ చూడటం, మెటల్ డిటెక్టర్, టికెట్ స్కాన్ అన్నీ కలిపి ఒక లేన్‌లో నిమిషానికి ఆరుగురు వెళ్తారనుకుంటే 45 నిమిషాల్లో 270 మంది. 8,400 మందికి సుమారు 31 లేన్లు కావాలి. మీకున్నవి 14 అయితే ఆ వరస తరగడానికి 100 నిమిషాలు పడుతుంది. ఆఖరి మనిషి కిక్‌ఆఫ్ అయిన 55 నిమిషాలకు లోపలికి వస్తాడు, అప్పటికి రెండో క్వార్టర్ నడుస్తుంటుంది. నిమిషానికి ఆరుగురు అన్నది నా అంచనా. మీ గేటు దగ్గర స్టాప్‌వాచ్ పెట్టి కొలుచుకోండి, నలుగురే అని తేలినా ఆశ్చర్యపోకండి. స్టూడెంట్లు ఆలస్యంగా వస్తారని మనం వేసే నిందలో కొంత ఈ వరసదే.

లేన్లు పెంచలేకపోతే ఉన్నవాటి వేగం పెంచాలి. లేన్ ఆగేది ఎక్కువగా చెల్లని టికెట్ దగ్గర. ఒకరి ఫోన్‌లో టికెట్ తెరుచుకోదు, ఇంకొకరు స్నేహితుడు పంపిన స్క్రీన్‌షాట్ చూపిస్తారు. బార్‌కోడ్ క్షణక్షణం మారే టికెట్లకు స్క్రీన్‌షాట్ పనిచేయదు. స్కానర్ పట్టుకున్న వలంటీర్ పాపం మొహమాటపడి అక్కడే నిలబెట్టి సాయం చేస్తాడు. రెండు నిమిషాలు పోయాయంటే వెనక 12 మంది ఆగినట్టే. అందుకే స్కానర్‌కి పక్కగా, వరసకి బయట ఒక టేబుల్ వేసి టికెట్ ఆఫీస్ మనిషిని కూర్చోబెట్టండి. రెండోసారి స్కాన్ కాకపోతే మూడోసారి ప్రయత్నించొద్దు, ఆ టేబుల్ దగ్గరికి పంపించేయాలి. వరసలో ముప్పై అడుగులు వెనక ఇంకొక మనిషి నిలబడి "టికెట్ తెరవండి, ఫోన్ వెలుతురు పెంచండి, తాళాలు చేతిలోకి తీయండి" అని చెబుతూ ఉండాలి. బ్యాగ్ లేనివాళ్లకి విడిగా రెండు లేన్లు ఇవ్వండి. పారదర్శక బ్యాగ్ కొలత 12 అంగుళాలు, 6 అంగుళాలు, 12 అంగుళాలు అని గేటు దగ్గర కాదు, పార్కింగ్ లాట్ మొదట్లోనే బోర్డు పెట్టండి. గేటు దాకా నడిచి వచ్చాక బ్యాగ్ పనికిరాదంటే కారు ఒక మైలు దూరంలో ఉన్నవాడు తిరిగి రాడు.

ఇక తిండి. కాలేజ్ ఫుట్‌బాల్‌లో హాఫ్‌టైమ్ 20 నిమిషాలు. ఒక కౌంటర్‌లో ఒక్కో మనిషికి 90 సెకన్లు పడితే ఆ 20 నిమిషాల్లో 13 మందికే అందుతుంది. 14వ మనిషి మూడో క్వార్టర్ మొదలయ్యాక కూడా వరసలోనే ఉంటాడు, 20వ మనిషి ఇంటికి పోతాడు. హాట్‌డాగ్, చిప్స్, నీళ్లు ముందే కట్టిపెట్టి ఒకే ధరకు ఇచ్చే కౌంటర్లు విడిగా పెడితే 30 సెకన్లలో పని అయిపోతుంది, అంటే 40 మంది. ధరలు పన్నుతో కలిపి నిండు డాలర్లలో పెట్టండి, చిల్లర గోల ఉండదు.

చాలా చోట్ల కౌంటర్లు నడిపేది నిధులు సేకరించుకునే చర్చి బృందాలు, స్కూల్ బ్యాండ్ తల్లిదండ్రులు. అమ్మకంలో వాటా వాళ్లకి పోతుంది. పద్ధతి మంచిదే, కానీ వారం వారం మనుషులు మారిపోతారు, మెషిన్ వాడటం ఎవరికీ రాదు. ప్రతి స్టాండ్‌లో సీజన్ అంతా ఉండే జీతగాడు ఒకడైనా ఉండాలి. కార్డ్ మెషిన్లు జనం వాడే వైఫై మీద నడిస్తే సరిగ్గా హాఫ్‌టైమ్‌కే ఆగిపోతాయి, ఎందుకంటే అందరూ ఫోన్లు తీసేది అప్పుడే. వాటికి విడిగా ఈథర్‌నెట్ వైరు లాగించండి.

ధర తగ్గిస్తే ఆదాయం పోతుందని భయపడేవాళ్లకి అట్లాంటా చూపించండి. అది ఎన్‌ఎఫ్‌ఎల్ (ప్రొఫెషనల్ లీగ్) అయినా లెక్క ఒకటే. 2017లో మెర్సిడెస్-బెంజ్ స్టేడియం తెరిచినప్పుడు పాత స్టేడియంతో పోలిస్తే తిండి ధరలు సగానికి తగ్గించారు, సోడా రెండు డాలర్లు, ఎన్నిసార్లైనా నింపుకోవచ్చు. తలసరి ఖర్చు 16 శాతం పెరిగింది.

నీళ్ల దగ్గర మాత్రం లాభం చూసుకోవద్దు. ఆగస్టు చివర, సెప్టెంబరులో మధ్యాహ్నం ఆట అంటే అల్యూమినియం బెంచీ కాలుతుంది. సీలు తీయని నీళ్ల సీసా ఒకటి లోపలికి రానివ్వాలి, నింపుకునే కుళాయిలు స్టూడెంట్ల వైపు ఉండాలి. చాలా పాత స్టేడియాల్లో ఇంటి జట్టు అభిమానులు పడమటి వైపు, ఎండ వీపు మీద పడేలా కూర్చుంటారు. తూర్పు వైపు వాళ్లకి మధ్యాహ్నమంతా ఎండ మొహానికే. ఆ తూర్పున కూర్చోబెట్టేది స్టూడెంట్లనే అయితే హాఫ్‌టైమ్‌కి ఎందుకు వెళ్తున్నారని వేరే సర్వే అక్కర్లేదు.

---

నాలుగో_క్వార్టర్:

పై మాటలన్నీ నిజమే. కానీ గెలుపు కూడా కావాలండీ, దానికీ పద్ధతి ఉంది. అదృష్టం అని వదిలేయొద్దు.

కాన్సాస్ యూనివర్సిటీ చూడండి. 2007 సీజన్‌లో 12-1 (12 గెలుపులు, ఒక ఓటమి), ఆరెంజ్ బౌల్ (సీజన్ అయ్యాక బాగా ఆడిన జట్లకి పెట్టే పెద్ద ఆటల్లో ఒకటి) గెలిచిన జట్టు. అదే జట్టు 2010 నుంచి 2020 దాకా ఏ ఏడూ మూడు గెలుపులు దాటలేదు. 2015లో 0-12. ఆ పదకొండేళ్లలో టర్నర్ గిల్, చార్లీ వైస్, డేవిడ్ బీటీ, లెస్ మైల్స్, నలుగురు హెడ్ కోచ్‌లు. గిల్‌కి ఇచ్చింది రెండేళ్లే. వైస్‌ని నాలుగో ఏడు మధ్యలో కూడా కాదు, మూడో ఏడు నాలుగు ఆటలకే పంపేశారు. కోచ్‌ని తీసేసిన ప్రతిసారీ రెండు నష్టాలు. ఇంట్లో కూర్చున్న పాత కోచ్‌కి డబ్బు చెల్లిస్తూ ఉండాలి. అంతకంటే పెద్దది, ఆటగాళ్ల జాబితాలో పడే గుంత. వైస్ కాలంలో జూనియర్ కాలేజీల (రెండేళ్ల కాలేజీలు) నుంచి ఎక్కువమందిని తెచ్చారు, చాలామంది నిలవలేదు. అప్పట్లో స్కాలర్‌షిప్‌లు 85, కానీ ఏడాదికి కొత్తగా తీసుకోగలిగేది 25 మందినే. ఒకసారి గుంత పడితే పూడ్చడానికి ఏళ్లు పట్టేది. బెంచ్ మీద మనుషులు లేని జట్టు మూడో క్వార్టర్ దాకా పోరాడి నాలుగో క్వార్టర్‌లో కూలుతుంది. జనం కళ్లకి కోచ్ చేతకానితనంలా కనిపించేది చాలాసార్లు ఇదే.

2021 ఏప్రిల్ చివర్లో లాన్స్ లైపోల్డ్‌ని తెచ్చారు. పేరున్న ఎన్‌ఎఫ్‌ఎల్ మనిషి కాదు. విస్కాన్సిన్-వైట్‌వాటర్‌లో ఆరు డివిజన్ 3 (చిన్న కాలేజీల స్థాయి) టైటిళ్లు, తర్వాత బఫలో. తక్కువ వనరులతో జట్టు కట్టిన అనుభవం, ఏళ్ల తరబడి కలిసి పనిచేసిన సహాయ కోచ్‌లు వెంట. మొదటి ఏడు 2-10, అందులో ఒకటి టెక్సస్‌ని ఆస్టిన్‌లో 57-56తో ఓడించడం. 2022లో 5-0తో మొదలుపెట్టి 6-7. 2023లో 9-4, ఓక్లహోమాని ఇంట్లో 38-33తో కొట్టారు.

ఓపిక పట్టిన కథ న్యూ ఆర్లియన్స్‌లోని తులేన్ యూనివర్సిటీది. విల్లీ ఫ్రిట్జ్ 2016లో 4-8తో మొదలుపెట్టాడు. 2021లో హరికేన్ ఐడా వల్ల ఊరు వదిలి వెళ్లాల్సి వచ్చింది, సీజన్ 2-10. ఆరో ఏడు అలా ముగిస్తే చాలా చోట్ల పంపేస్తారు. తులేన్ ఉంచుకుంది. మరుసటి ఏడు 12-2, కాటన్ బౌల్‌లో యూఎస్‌సీ (సదరన్ కాలిఫోర్నియా యూనివర్సిటీ) మీద 46-45.

ఇప్పుడు బదిలీ పోర్టల్ (ఆటగాళ్లు కాలేజీ మారడానికి పేరు నమోదు చేసుకునే జాబితా) వచ్చాక ఇంత కాలం ఆగక్కర్లేదని ఇండియానా చూపించింది. 2023లో 3-9. కర్ట్ సిగ్నెట్టి వస్తూ తన పాత జట్టు జేమ్స్ మాడిసన్ నుంచి 13 మందిని వెంట తెచ్చుకున్నాడు. 2024లో 11-2, 2025 సీజన్‌లో జాతీయ టైటిల్. ఇక్కడ జనం పొరపాటు పడేది ఏంటంటే, పోర్టల్‌లో స్టార్ రేటింగ్‌లు చూసి కొనడం. అతను తెచ్చింది తన పద్ధతి తెలిసినవాళ్లని, ఆటలు ఆడి ఉన్నవాళ్లని.

మీ స్థాయి బడికి 2025-26లో ఆటగాళ్లకి పంచగలిగే 20.5 మిలియన్ డాలర్ల గరిష్ఠ పరిమితి కలలో మాట. ఉన్న కొద్ది డబ్బు కొత్తవాళ్ల మీద కంటే ఉన్నవాళ్లని నిలబెట్టుకోవడం మీద పెట్టండి. మంచి సీజన్ ఆడిన లైన్‌మన్‌ని (ముందు వరసలో తలపడే ఆటగాడు) జనవరిలో పెద్ద జట్టు ఎత్తుకుపోతే అతని మీద పెట్టిన మూడేళ్లూ పోయినట్టే. డబ్బు వెళ్లాల్సిన వరస: క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరి ఆట నడిపేవాడు), రెండు వైపులా లైన్లు, ఆ తర్వాతే మిగతావి. దాతలని కూడగట్టేటప్పుడు "మా లెఫ్ట్ టాకిల్‌ని ఇంకో ఏడు ఉంచుకుందాం" అని అడిగితే "ప్రోగ్రామ్‌కి సాయం చేయండి" అన్నదానికంటే చేయి త్వరగా జేబులోకి వెళ్తుంది.

షెడ్యూల్ మాట కూడా నోట్‌లో రాయండి. పెద్ద జట్టు మైదానానికి వెళ్లి ఓడి రావడానికి మిలియన్ డాలర్లో అంతకంటే ఎక్కువో ఇస్తారు. బడ్జెట్‌కి అది అవసరమే, ఒకటి తప్పదు. సెప్టెంబరులో అలాంటివి రెండు మూడు పెట్టుకుంటే 0-3తో, ఇద్దరు ముగ్గురు లైన్‌మన్ దెబ్బలతో కాన్ఫరెన్స్ ఆటల్లోకి దిగుతారు. స్టూడెంట్లు అక్టోబరుకే వదిలేస్తారు. నాలుగు నాన్-కాన్ఫరెన్స్ ఆటల్లో ఒకటి డబ్బుకి, ఒకటి ఇంట్లో ఎఫ్‌సీఎస్ (ఒక మెట్టు కింది స్థాయి) జట్టుతో, రెండు మన స్థాయి వాళ్లతో. బౌల్‌కి ఆరు గెలుపులు కావాలి, ఎఫ్‌సీఎస్ జట్ల మీద ఎన్ని గెలిచినా అందులో ఒక్కటే లెక్కలోకి వస్తుంది. ఈ ఒప్పందాలు ఏళ్ల ముందే రాసేస్తారు కాబట్టి ఇవాళ అడిగింది ఫలించేది తర్వాతి అథ్లెటిక్ డైరెక్టర్ కాలంలో కావొచ్చు. అయినా అడగాలి.

---

బొబ్బిలి_బ్లిట్జ్:

నాలుగో_క్వార్టర్ గారు, గెలుపు రాకముందు మూడేళ్లు ఎవరు కూర్చుంటారు అన్నది అసలు ప్రశ్న కదా.

30,000 సీట్లలో 12,000 మంది చెల్లాచెదురుగా కూర్చుంటే టీవీలోనూ మైదానంలోనూ శ్మశానంలా ఉంటుంది. పై వరసలు గుడ్డ కప్పి మూసేయండి, అందరినీ కిందికి తెండి. తులేన్ 70,000 పైగా సీట్లున్న సూపర్‌డోమ్ వదిలి 2014లో క్యాంపస్ మీదే 30,000 సీట్ల యుల్మన్ స్టేడియంకి వచ్చింది. నార్త్‌వెస్టర్న్ 47,000 సీట్ల పాత మైదానం కూల్చి 35,000కే కొత్తది కట్టడం మొదలుపెట్టింది. దీనికి సరిగ్గా తలకిందుల పని మసాచుసెట్స్‌ది. 2012లో ఎఫ్‌బీఎస్‌లోకి వచ్చి, క్యాంపస్ ఉన్న ఆమ్‌హర్స్ట్ వదిలి సుమారు 90 మైళ్ల దూరంలో ఫాక్స్‌బరోలో ఎన్‌ఎఫ్‌ఎల్ స్టేడియంలో ఇంటి ఆటలు పెట్టుకుంది. స్టూడెంట్ మంచం మీంచి లేచి నడిచి వెళ్లే దూరంలో లేని ఆట వాడికి ఇంటి ఆట ఎలా అవుతుంది?

స్టూడెంట్లని మూలకి తోయకండి. టీవీ కెమెరాకి ఎదురు సైడ్‌లైన్‌లో కింది వరసలు ఇవ్వండి, బ్యాండ్‌ని వాళ్ల పక్కనే కూర్చోబెట్టండి. దూరంగా రెండు చోట్ల ఉంటే ఇద్దరి చప్పుడూ గాలికి పోతుంది. టీవీ ఆటల్లో ప్రకటనల విరామం వచ్చినప్పుడు సైడ్‌లైన్ మీద ఎర్ర టోపీ మనిషి నిలబడతాడు, ఆయన కదిలేదాకా ఆట మొదలుకాదు. ఆ రెండు మూడు నిమిషాలు స్పీకర్లలో కార్ల డీలర్ ప్రకటన మోగితే జనం ఫోన్లు తీస్తారు. గేమ్‌డే ప్రొడ్యూసర్ హెడ్‌సెట్ లైన్‌లో బ్యాండ్ డైరెక్టర్‌ని కూడా కలపండి. ఎర్ర టోపీ బయటికి రాగానే "బ్యాండ్, మీదే" అన్న ఒక్క మాట చాలు. స్పాన్సర్ ప్రకటనలు సగానికి తగ్గించి మిగతావి బోర్డు మీద చప్పుడు లేకుండా చూపించొచ్చు. ఒప్పందంలో ఎన్నిసార్లు చదవాలని రాసి ఉంటుంది, రెన్యువల్ అప్పుడే మార్పించాలి.

అరవడం కూడా నేర్పించాలి. 2024 నుంచి ఎఫ్‌బీఎస్‌లో ఒక ఆటగాడి హెల్మెట్‌లోకి కోచ్ మాట్లాడొచ్చు, ప్లే క్లాక్ (తర్వాత బంతి కదపాల్సిన గడువు చూపే గడియారం) 15 సెకన్లకి వచ్చేసరికి అది ఆగిపోతుంది. మన జనం బంతి కదిలే ముందు మాత్రమే అరుస్తారు. మూడో డౌన్‌లో (పది గజాల కోసం మూడో ప్రయత్నం) ప్రత్యర్థి ఆటగాళ్లు గుంపుగా చేరుతున్నప్పుడే మొదలుపెడితే కోచ్ మాట కూడా సరిగా వినపడదు. అఫెన్స్ (బంతి చేతిలో ఉన్న జట్టు) వరసలో నిలబడ్డాక స్పీకర్లతో, బ్యాండ్‌తో చప్పుడు చేయకూడదు కాబట్టి ఆ చివరి సెకన్లు గొంతులవే.

హాఫ్‌టైమ్‌కి వెళ్లిపోవడం గురించి: అలబామా లాంటి గెలిచే జట్టుకే ఈ బాధ ఉంది. 2019లో వాళ్లు నాలుగో క్వార్టర్ దాకా ఉన్న స్టూడెంట్లకి ఫోన్ యాప్‌లో పాయింట్లు ఇచ్చి పెద్ద ఆటల టికెట్లలో ప్రాధాన్యం ఇచ్చారు. మీకు కొరత ఉన్న టికెట్ ఏదీ లేదు కాబట్టి అదే పద్ధతి పనిచేయదు. బాస్కెట్‌బాల్ సీట్లకి ఆ పాయింట్లు ముడిపెడితే పనిచేస్తుంది.

---

గేటు_నంబర్_5:

బీర్ ప్రస్తావన ఎవరూ తేలేదు, కానీ కమిటీలో తప్పకుండా వస్తుంది. వెస్ట్ వర్జీనియా 2011లో స్టేడియంలో బీర్ అమ్మడం మొదలుపెట్టి, అప్పటిదాకా ఉన్న "బయటికి వెళ్లి మళ్లీ రావొచ్చు" అన్న వెసులుబాటు తీసేసింది. హాఫ్‌టైమ్‌కి కారు దగ్గరికి పోయి గబగబా తాగి రావడం ఆగింది, పోలీసుల దాకా వెళ్లే గొడవలూ తగ్గాయి. ఈ రెండూ జంటగా చేయాలి. బయటికి వెళ్లడం ఆపేసి లోపల ఏమీ అమ్మకపోతే స్టూడెంట్ అసలు లోపలికే రాడు.

---

డబుల్_రెపెటిషన్:

మనవాళ్ల గురించి ఒక మాట. ఇలాంటి బడుల్లో మాస్టర్స్ చేస్తున్న తెలుగు స్టూడెంట్లు వందల్లో ఉంటారు. అథ్లెటిక్ ఫీజు వాళ్లూ కడతారు, టికెట్ అందులోనే ఉంటుందని చాలామందికి తెలియదు. మొదటి ఇంటి ఆటకి ముందు వారం, ఇండియన్ స్టూడెంట్ అసోసియేషన్‌తో కలిసి స్టేడియంలోనే ఒక అరగంట పెట్టండి. నాలుగు డౌన్లు, పది గజాలు, ఫీల్డ్ గోల్ ఎందుకు తంతారు, ఇంతే చాలు. క్రికెట్ చూసినవాళ్లకి "నాలుగు బంతుల్లో పది పరుగులు, రాకపోతే బ్యాటింగ్ అవతలివాళ్లకి" అంటే వెంటనే ఎక్కుతుంది. సీట్లు 40 ఒకే చోట ఇవ్వండి, ఒంటరిగా వచ్చినవాడు హాఫ్‌టైమ్ దాకా ఉండడు. కౌంటర్‌లో మాంసం లేనిది ఏదో బోర్డు మీద స్పష్టంగా రాయండి. నాచోస్ చీజ్ మీద మిరపకాయలు ఎక్కువ వేయమని అడిగితే వేస్తారు, అదీ రాయండి.

---

ఎండ్‌జోన్_ఎదురుగా:

చాలా థాంక్స్ అందరికీ. ఒక్కటి చెప్పండి. మిడ్‌వెస్ట్ చిన్న కాన్ఫరెన్స్ అంటే నవంబరులో మంగళ, బుధవారాల రాత్రి ఆటలు తప్పవు. టీవీ డబ్బు కోసం ఒప్పుకున్నవే. ఆ చలిలో, మర్నాడు క్లాసులు ఉండగా ఎవరొస్తారు? పైగా శనివారం ఆటలకి కూడా కిక్‌ఆఫ్ సమయం 12 రోజుల ముందో, ఒక్కోసారి ఆరు రోజుల ముందో తెలుస్తుంది. బస్సులు, పార్కింగ్ ఎలా ప్లాన్ చేయాలి?

---

గేటు_నంబర్_5:

సమయాలన్నీ కిక్‌ఆఫ్ నుంచి వెనక్కి లెక్కపెట్టి ఆగస్టులోనే అచ్చువేయండి. లాట్లు ఐదు గంటల ముందు, బ్యాండ్ నడక రెండు గంటల ముందు, గేట్లు 90 నిమిషాల ముందు, ఆఖరి బస్సు ఆట అయిపోయాక గంటకి. నెట్‌వర్క్ సమయం చెప్పిన రోజు కిక్‌ఆఫ్ అంకె ఒక్కటి పంపితే చాలు. బస్సు కంపెనీతో ఒప్పందం కూడా కిక్‌ఆఫ్‌కి ఎన్ని గంటల ముందు, ఆట అయ్యాక ఎంతసేపటికి అన్న లెక్క మీద రాయించుకోండి, గడియారం మీద కాదు.

మంగళవారం రాత్రికి 30,000 సీట్లు తెరవకండి. ఒక్క వైపే తెరిచి స్టూడెంట్లని, ఇంటి అభిమానులని కలిపి కూర్చోబెట్టండి, రెండో వైపు కౌంటర్లు, మరుగుదొడ్లు మూసేసి ఆ సిబ్బందిని ఇటు తెండి. వేడి నీళ్ల పాత్రలు ఎక్కువ పెట్టండి. హాట్ చాక్లెట్ అయిపోయేది హాఫ్‌టైమ్‌కి కాదు, మొదటి క్వార్టర్ చివర్లోనే, ఎందుకంటే పెద్ద పాత్ర మళ్లీ కాగడానికి అరగంట పైనే పడుతుంది. రెండో పాత్ర కిక్‌ఆఫ్‌కే పొయ్యి మీద ఉండాలి. కుళాయిల పైపులు గడ్డకడతాయి కాబట్టి ఏ మరుగుదొడ్లు వేడి ఉన్న భవనంలో ఉన్నాయో ముందే చూసుకుని ఆ వైపే తెరవండి.

ఇవన్నీ పరీక్షించడానికి ఏప్రిల్‌లో స్ప్రింగ్ గేమ్ (సొంత జట్టులోనే ఆడుకునే ప్రాక్టీస్ ఆట) ఉందిగా. ఆ రోజు రెండు గేట్లే తెరిచి ఒక్కో లేన్ దగ్గర ఒక స్టూడెంట్‌ని కాగితంతో నిలబెట్టండి. పది నిమిషాలకొకసారి ఎంతమంది వెళ్లారు, ఎన్నిసార్లు లేన్ ఆగింది, ఎందుకు ఆగింది, ఇవే మూడు గడులు. ఆ కాగితాలు నోట్‌కి ముందు పేజీగా పెట్టండి.

---

నాలుగో_క్వార్టర్:

దానికి వెనక పేజీగా ఇంకొకటి. గత మూడు సీజన్లలో స్కాలర్‌షిప్ మీద వచ్చినవాళ్లు ఎంతమంది, ఇప్పుడు ఉన్నవాళ్లు ఎంతమంది, పొజిషన్ వారీగా. పాత రోస్టర్లు అథ్లెటిక్స్ వెబ్‌సైట్‌లో ఉంటాయి, ఒక సాయంత్రం పని. లైన్‌లో సగం మంది వెళ్లిపోయారని తేలితే కోచ్ మార్పు అడిగేముందు ఆ మాట అడగండి.